దారిలో దొరికిన బాతుపిల్లను ఇంట్లో బతికించుకోవడం ఎలా

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళాక పొన్నేరి వైపు నుంచి చెన్నైకి వస్తుంటే, కోతలైపోయిన వరిమడి గట్టు మీద ఒకే ఒక్క బాతుపిల్ల గొంతు చించుకుని అరుస్తూ కనిపించింది. మేపుకొచ్చినవాళ్ళు మందను తోలుకుని వెళ్ళిపోయినట్టున్నారు, ఇది వెనకబడిపోయింది. అరగంట ఆగి చూశాం, ఎవరూ రాలేదు, కాకులు మాత్రం ఒకటొకటే దగ్గరికి జరుగుతున్నాయి. ఇంక ఆలోచించకుండా తువ్వాల్లో చుట్టి కొళత్తూరులోని మా అద్దె ఇంటికి తెచ్చేశాం. తర్వాత ఆరు వారాలు దాన్ని పెంచుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పిల్ల చేతికొచ్చినప్పుడు మొదటి రెండు రోజులే అసలు టెన్షన్, అవి గడిస్తే చాలావరకు నిలబడుతుంది.

ముందు అది పెంపుడుదా, అడవిదా చూసుకోండి. ఒళ్ళంతా పసుపుగా ఉంటే దాదాపుగా పెంపుడుదే. గోధుమ, పసుపు కలిసి ఉంటే అనుమానమే, నాటు బాతుపిల్లలూ అలాగే ఉంటాయి, చెరువుల్లో తిరిగే అడవి బాతుల పిల్లలూ అలాగే ఉంటాయి. నల్లటి నూగు మీద తెల్లటి చారలుంటే అది ఈల వేసినట్టు కూసే చిన్న అడవి బాతు పిల్ల కావచ్చు, పళ్ళికరణై చిత్తడి వైపు అవి బాగా ఉంటాయి. అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, అనుమానం ఉంటే గిండీలోని అటవీశాఖ వాళ్ళకో, వేళచ్చేరి రోడ్డులోని బ్లూ క్రాస్ వాళ్ళకో చెప్పండి. తల్లి బాతు ఆ దగ్గర్లోనే తిరుగుతుంటే మాత్రం అసలు ముట్టుకోవద్దు, దూరంగా నిలబడి కుక్కలు, కాకులు రాకుండా చూస్తే చాలు.

ఇంటికి తెచ్చాక మొదట ఇవ్వాల్సింది మేత కాదు, వెచ్చదనం. పిల్ల చల్లబడి ఉంటే తిండి అరగదు. లోతైన అట్టపెట్టె తీసుకుని ఒక పక్కన పైనుంచి పాత రకం 60 వాట్ల గుండు బల్బు వేలాడదీయండి, ఎల్ఈడీ బల్బు వెలుగే తప్ప వేడి ఇవ్వదు. బల్బు కింద మొదటి వారం 32 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పెట్టెలో రెండో పక్క చల్లగా వదిలేయండి, ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది. థర్మామీటర్ లేకపోయినా పర్వాలేదు, బల్బు కిందే ముడుచుకుని అరుస్తుంటే చలి, దూరం మూలకి పోయి నోరు తెరుచుకుని రొప్పుతుంటే వేడి. మే నెలలో అయితే మన ఊళ్ళో పగలు బల్బే అక్కర్లేదు, వడదెబ్బ తగలకుండా చూసుకోవడమే పని. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

బాతు కదా అని నీళ్ళలో వదలకండి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. మొదటి రోజు సాయంత్రమే టబ్బులో నీళ్ళు పోసి వదిలాను, రెండు నిమిషాలు హాయిగా ఈదింది, మూడో నిమిషానికి నూగంతా తడిసి ఒంటికి అంటుకుపోయి, తల వాల్చేసింది. తువ్వాల్లో చుట్టి గంటసేపు గుండెకి హత్తుకుని కూర్చున్నాను. వేలు పెట్టి చూస్తే దాని గుండె లెక్క అందనంత వేగంగా కొట్టుకుంటోంది, కాళ్ళు ఐసు ముక్కల్లా ఉన్నాయి. గంట తర్వాత ముక్కుతో నా బొటనవేలిని మెల్లగా నములుతూ కదిలింది, అప్పటికి గానీ నాకు ఊపిరి ఆడలేదు. తల్లి దగ్గర ఉన్న పిల్లలకి తల్లి రెక్కల కింద దూరినప్పుడు ఆమె ఈకల నూనె కాస్త అంటుతుంది, తడిసి వచ్చినా వెచ్చగా ఆరబెట్టుకునే చోటు ఉంటుంది. ఒంటరి పిల్లకి ఆ రెండూ లేవు. రెండో వారం నుంచి గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు, మీరు పక్కనే ఉండి, అయ్యాక పూర్తిగా తుడిచి బల్బు కింద పెట్టాలి.

తాగే నీళ్ళు వేరు. బరువైన మట్టి మూకుడులో ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు నీళ్ళు ఉండాలి, ఎందుకంటే బాతులు ముక్కునీ కళ్ళనీ నీళ్ళతోనే కడుక్కుంటాయి. పిల్ల అందులో పడి మునిగిపోకుండా మధ్యలో గులకరాళ్ళు వేయండి. మేత పక్కన నీళ్ళు ఎప్పుడూ ఉండాలి, నీళ్ళు లేకుండా పొడి మేత తింటే గొంతులో అడ్డం పడుతుంది. డ్రాపరుతో నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కు కొనని నీళ్ళలో ముంచి చూపిస్తే అదే తాగుతుంది.

ఇక మేత. కోళ్ళ మేత అమ్మే దుకాణంలో మందు కలపని చిక్ స్టార్టర్, అంటే కోడిపిల్లలకి పెట్టే మొదటి మేత, అడగండి. మొదటి రెండు వారాలు 20 శాతం ప్రొటీన్ ఉన్నది, తర్వాత 16 నుంచి 18 శాతం ఉన్నది సరిపోతుంది. కొద్దిగా తడిపి పెడితే తేలిగ్గా తింటుంది, కానీ తడి మేత చెన్నై ఉక్కకి మూడు నాలుగు గంటల్లో పులిసిపోతుంది, పారేసి కొత్తది పెట్టండి. ఆ రాత్రికి దుకాణం దొరక్కపోతే ఉడికించిన గుడ్డు చిదిమి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టండి, అయితే అది ఒకటి రెండు రోజుల సర్దుబాటే. బ్రెడ్డు, పాలు, ఉప్పూ కారం తగిలిన మన కూరలు వద్దు. సన్నగా తరిగిన తోటకూర, మునగాకు, నీళ్ళ మీద తేలుతూ పెరిగే అజొల్లా మొక్క ఇష్టంగా తింటుంది, ఆకులు పెట్టేటప్పుడు చిటికెడు ముతక ఇసుక కూడా అందుబాటులో ఉంచండి, అరగడానికి అదే దాని పళ్ళు.

రెండు విషయాలు ఎవరూ చెప్పరు. ఒకటి, బాతుపిల్లలకి కోడిపిల్లల కంటే నియాసిన్, అంటే బీ3 విటమిన్, దాదాపు రెట్టింపు కావాలి. కోళ్ళ మేత ఒక్కటే పెడితే కొన్నిటికి కాళ్ళు వంకర తిరుగుతాయి, మోకాలిలా కనిపించే కీలు వాస్తుంది. కప్పు మేతకి ఒక టేబుల్ స్పూన్ బ్రూయర్స్ ఈస్ట్ పొడి కలపండి, బ్రెడ్డు పొంగించే ఈస్ట్ కాదు. రెండోది బూజు. వేరుశనగ చెక్కకి పట్టే బూజులోని అఫ్లాటాక్సిన్ విషాన్ని బాతుపిల్లలు ఏమాత్రం తట్టుకోలేవు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని టర్కీ కోళ్ళతో పాటు బాతుపిల్లలూ చచ్చిపోయాకే ఆ విషం సంగతి బయటపడింది. ముక్కిపోయిన వాసన వస్తున్న మేతని డబ్బు పోయిందని చూడకుండా పారేయండి.

పెట్టె అడుగున న్యూస్ పేపర్ పరవకండి, కాళ్ళు జారి పక్కలకి విడిపోతాయి. పాత తువ్వాలో, గోనె పట్టానో వేసి రోజుకి రెండుసార్లు మార్చండి, బాతు చేసే తడి అంతా ఇంతా కాదు. రాత్రి పెట్టె మీద జల్లెడ మూయండి, మన ఇళ్ళ చుట్టూ పిల్లులే కాదు, పందికొక్కులూ తిరుగుతాయి. ఇంట్లో చిన్నపిల్లల్ని దాన్ని ముద్దు పెట్టుకోనివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, సాల్మోనెల్లా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉంది.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా మా బాతుపిల్ల రాత్రుళ్ళు అరుస్తూనే ఉండేది. మేత పెట్టాను, బల్బు దించాను, ఎత్తాను, ఏమీ మారలేదు. మా మామయ్యగారిది నెల్లూరు జిల్లా, బాతుల మందలు చూస్తూ పెరిగిన మనిషి. ఫోన్లో ఆ అరుపు విని, "అది ఆకలి కాదమ్మా, తోడు కోసం. బాతు ఒక్కటే ఎప్పుడన్నా ఉండగా చూశావా?" అన్నారు. అప్పుడు పెట్టెలో చిన్న అద్దం నిలబెట్టాం, నూలు కండువా ఉండచుట్టి పక్కన పెట్టాం. ఆ కండువాలో ముక్కు దూర్చుకుని, సన్నటి గుర్రు లాంటి చప్పుడు చేస్తూ నిద్రపోయింది. కడుపు నిండి, ఒళ్ళు వెచ్చగా ఉన్న బాతుపిల్ల చేసే చప్పుడు అది, ఒక్కసారి వింటే మళ్ళీ పొరబడరు. కానీ అద్దం తోడు కాదు. గుడ్డులోంచి వచ్చిన మొదటి రోజుల్లో ఎవరు కనిపిస్తే వాళ్ళనే తల్లి అనుకోవడం బాతుల స్వభావం, జంతువుల ప్రవర్తనని పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1930ల్లో పెద్దబాతుల మీద దీన్నే గమనించి రాశాడు. మీ వెనకే తిరుగుతుంటే ముచ్చటేస్తుంది, నాకూ వేసింది, కానీ మీరు ఆఫీసుకి పోయిన ఎనిమిది గంటలూ అది ఏడుస్తూనే ఉంటుంది. వీలైతే అదే వయసు బాతుపిల్లని ఇంకొకటి తెచ్చి జత చేయండి.

అది కుదరకపోతే మొదటి వారంలోనే మంద ఉన్న ఇంటిని వెతకడం మొదలుపెట్టండి. కుంటుతున్నా, తినడం మానేసినా, ముక్కు కారుతున్నా ఆలస్యం చేయకుండా వేప్పేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏదైనా సరే చెరువులో మాత్రం వదలకండి, మనిషి చేతిలో పెరిగిన బాతుకి కుక్కని చూసి పారిపోవాలని తెలియదు.

మేము ఆరో వారంలో రెడ్ హిల్స్ దగ్గర పది బాతులున్న ఒక ఇంట్లో ఇచ్చాం. ఒకేసారి మందలో వదిలితే పెద్దవి పొడుస్తాయని, మూడు రోజులు వాటి దొడ్లోనే వల అడ్డం కట్టి ఉంచారు, అవతల నుంచి అవి దీన్ని చూస్తాయి, ఇది వాటిని చూస్తుంది. కండువా కూడా వెంట పంపాం. నాలుగో రోజు వల తీశాక అది వాటి వెనకే నీళ్ళలోకి దిగిందట, కండువా మాత్రం ఇంకో వారం దాకా రాత్రుళ్ళు దాని పక్కనే వేసేవాళ్ళు.