ఐర్లండ్‌లో మీ మొదటి హాలోవీన్

ఈ ఏడాదే పిల్లలతో ఐర్లండ్ వచ్చినవారికి ముందుగా ఒక మాట. హాలోవీన్ అమెరికా వాళ్ల పండుగ, మనకెందుకని ఆ రాత్రి తలుపు వేసుకుని కూర్చోకండి. దాని పుట్టిల్లు ఇదే. పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ ఇక్కడివారు జరుపుకున్న సౌవిన్ పండుగే దీనికి మూలం. ఆ రాత్రి చనిపోయినవారు తిరిగి వస్తారని నమ్మేవారు. దీపావళినాడు పితృదేవతలకు దారి చూపుతూ దివిటీ ఎత్తే మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. గుమ్మడికాయ రాకముందు టర్నిప్ దుంపలను తొలిచి అందులో దీపం పెట్టేవారు. 2024లో దీపావళి కూడా అక్టోబరు 31నే వచ్చింది. మా గుమ్మంలో ప్రమిదలూ గుమ్మడికాయ దీపమూ పక్కపక్కనే వెలిగాయి.

మనవాళ్లు పొరపడేది టపాసుల దగ్గరే. అక్టోబరు అంతా వీధుల్లో పేలుళ్లు వినిపిస్తాయి కాబట్టి కొనుక్కోవచ్చని అనుకుంటారు. అది చట్టవిరుద్ధం. కాకరపువ్వొత్తుల వంటి, అతి తక్కువ ప్రమాదముండే ఎఫ్1 రకం తప్ప మరేదీ సామాన్యులకు అమ్మకూడదు. లైసెన్సు లేకుండా అమ్మే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే 10,000 యూరోల వరకు జరిమానా, 5 ఏళ్ల వరకు జైలు. ఉత్తర ఐర్లండ్ నుంచి కారులో తెచ్చుకోవడమూ నేరమే. వీసా మీద వచ్చి ఉంటున్న మనం అటువంటి పనికి దూరంగా ఉండాలి. కాకరపువ్వొత్తి కాల్చేటప్పుడు కూడా పక్కన బకెట్టు నీళ్లు ఉంచండి. చేయి కాలితే చన్నీళ్ల ధార కింద 20 నిమిషాలు పట్టుకోండి. పెద్ద గాయమైతే 112 లేదా 999కి ఫోను చేయండి.

బాణసంచా చూడాలని పిల్లలు మారాం చేస్తే డెరీ నగరం పేరు వినిపిస్తుంది. ఫోయిల్ నది మీద ఆకాశమంతా వెలిగే ఆ వేడుక నిజంగా చూడదగ్గదే. కానీ డెరీ ఉన్న ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ పాలనలోది. దారిలో ఎవరూ ఆపకపోయినా, ఐర్లండ్ నివాస కార్డు ఉన్నంత మాత్రాన భారత పాస్‌పోర్టుతో అక్కడికి వెళ్లకూడదు. బ్రిటన్ వీసా తీసుకోవాలి.

ఇక చలి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది. 31న సాయంత్రం 5 గంటలకే చీకటి. పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగేదీ అప్పుడే. ఉష్ణోగ్రత పది డిగ్రీల దగ్గరే ఉన్నా, తడిగాలి ఎముకల్లోకి దిగుతుంది. మొదటి ఏడాది మా అమ్మాయి వేషం మీద కోటు వేస్తే ఏడ్చింది, తీసేస్తే వణికింది. అప్పటి నుంచి వేషం ఒక సైజు పెద్దది కొంటున్నాను. లోపల ఒంటికి అంటుకునే థర్మల్ దుస్తులు, ఉన్ని మేజోళ్లు, వాటి మీద వేషం. పలచని నైలాను దుస్తులకు క్షణంలో నిప్పంటుకుంటుంది. కనుక గుమ్మడికాయలో కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. వీధి మూల భోగి మంటలాంటిది కనిపిస్తే పిల్లలను దగ్గరకు పోనివ్వకండి. అందులో ఏం పడేశారో తెలియదు.

దీపం వెలుగుతున్న ఇళ్ల తలుపులే తట్టాలి. పాత డబ్లిన్ పిల్లలు "హాలోవీన్ పార్టీకి సాయం చేయండి" అని అరిచేవారు. మీ ఇంటికి వచ్చేవారికి విడివిడిగా చుట్టిన చాక్లెట్లు ఇవ్వండి. శాకాహారులైతే మీ పిల్లలకు వచ్చిన మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూసుకోండి. ఈ పండుగ రోజుల్లో దుకాణాల్లో పొట్టుతో వేరుశనక్కాయలు కుప్పలుగా కనిపిస్తాయి. అవి ఇక్కడి హాలోవీన్ తిండి. అలర్జీ భయం ఉంది కాబట్టి పరాయి పిల్లల చేతిలో మాత్రం పెట్టకండి.

బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్షల రొట్టె ఒకటి తప్పక తెచ్చుకోండి. లోపల ఉంగరం ఉంటుంది. ఎవరి ముక్కలో వస్తే వారికి ఏడాదిలో పెళ్లని నమ్మకం. పిల్లలకు పెట్టేముందు మాత్రం ముక్కలు విప్పి చూడండి. మా ఇంట్లో ఆ ఉంగరం మా అత్తగారికి వచ్చింది. ఇప్పటికీ అది ఆమె పూజగదిలో పసుపు డబ్బా పక్కనే ఉంది.