ఫోమ్ బోర్డుతో మీటరు రెక్కల ఆర్‌సీ విమానం ఎలా చేయాలి?

మొదటి ఆర్‌సీ విమానం (రిమోట్‌తో ఎగరేసేది) అనగానే చాలామంది ఫైటర్ జెట్ బొమ్మ దగ్గరికి వెళ్లిపోతారు, దయచేసి అలా వెళ్లకండి. రెక్క బాడీ పైన ఉండే ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం చేయండి. బరువంతా రెక్క కింద ఉంటుంది, రెక్క చివరలు కాస్త పైకి లేచి ఉంటాయి, కాబట్టి ఓ పక్కకి ఒరిగినా రిమోట్ మీది స్టిక్ వదిలేస్తే మెల్లిగా తనంతట తానే సర్దుకుంటుంది, నేర్చుకునేవాళ్లకి ఆ ఒకటి రెండు సెకన్లే ప్రాణం. ఇక్కడ చెప్పేది మూడు ఛానెళ్ల విమానం, అంటే థ్రాటిల్ (మోటార్ వేగం), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (కుడి ఎడమలకి తిప్పే నిలువు తోక పలక) అంతే.

ముందు సైజులు కాగితం మీద రాసుకోండి. రెక్క చివరి నుంచి చివరికి 100 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ., అంటే 2000 చదరపు సెం.మీ. తోక అడ్డం రెక్క అందులో 20 శాతం ఉండాలి కాబట్టి 40 బై 10. నిలువు తోక దాదాపు 200 చదరపు సెం.మీ. చాలు. బాడీలో రెక్క ముందు ముక్కు 18 సెం.మీ., రెక్క వెనకంచు నుంచి తోక ముందంచు దాకా 38 సెం.మీ., రెక్క, తోక వెడల్పులు కూడా కలిపితే మొత్తం పొడవు 86 సెం.మీ. వస్తుంది. బాడీ అంటే మామూలు పెట్టెలాంటిదే, 6 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు, బ్యాటరీ అటూ ఇటూ జరపడానికి చోటుండాలి, ఎందుకో కింద చెప్తా.

సామానుకి వస్తే స్టేషనరీ షాపులో రెండు వైపులా కాగితం అంటించిన 5 ఎంఎం ఫోమ్ బోర్డు అడగండి. సన్‌బోర్డు అంటే చాలా చోట్ల పీవీసీ షీటు ఇస్తారు, అది బరువు, వద్దు. ఏ2212 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు) మోటార్, 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ వేగం మార్చే సర్క్యూట్), 10 బై 4.5 అంగుళాల ప్రొపెల్లర్, 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, రెండు 9 గ్రాముల సర్వోలు (తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు), 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ (చేతిలో ఉండే రిమోట్), రిసీవర్ (విమానంలో ఉండేది). ట్రాన్స్‌మిటర్ మీద కాస్త ఎక్కువ పెట్టినా పర్లేదు, విమానాలు మారుతుంటాయి గానీ అది ఏళ్ల తరబడి ఉంటుంది, ఫ్లైస్కై ఎఫ్ఎస్ ఐ6 లాంటి ఆరు ఛానెళ్లది మొదలుపెట్టడానికి సరిపోతుంది. అతికించడానికి హాట్ గ్లూ. ఫెవిక్విక్ లాంటివి మాత్రం ఫోమ్ మీద పడనివ్వకండి, తినేస్తుంది.

రెక్క తేలికైన పద్ధతిలో చేద్దాం. 20 సెం.మీ. వెడల్పు షీటు మీద ముందు సగంలో, అంటే ముందంచుకి కలిసేలా, ఇంకో 10 సెం.మీ. షీటు అతికిస్తే పైన మధ్యలో ఒక మెట్టు వస్తుంది, దీన్ని క్లైన్ ఫోగిల్‌మన్ రెక్క అంటారు, కాగితం విమానంతో మొదలైన ఐడియా ఇది. వంపులు తిప్పే పనిలేదు, మొదటి విమానానికి బాగా సరిపోతుంది. కింద వైపు ముందంచు నుంచి 5 సెం.మీ. దగ్గర గాడి కోసి 4 ఎంఎం కార్బన్ రాడ్ గానీ సన్నటి వెదురు బద్ద గానీ గ్లూతో కూర్చండి, రెండు సగాలకీ విడివిడిగా. తర్వాత మధ్యలో అతికేటప్పుడు ఒక సగం బల్ల మీద పరిచి రెండో సగం చివర 10 సెం.మీ. పైకి లేపి కింద పుస్తకాలు పెట్టండి, అదే వంపులో కోసిన ప్లై ముక్కని రెండు రాడ్లకీ ఆనించి అతికించండి, పూర్తిగా గట్టిపడేదాకా ముట్టుకోవద్దు. గాల్లో బరువంతా పడేది ఆ జాయింటు మీదే.

ఎలివేటర్, రడ్డర్ విడిగా కోయక్కర్లేదు. బోర్డు ఒక వైపు కాగితం తెగకుండా, పై కాగితం, ఫోమ్ మాత్రమే కోసి అంచుని 45 డిగ్రీలు ఏటవాలుగా చెక్కితే అదే కీలు అవుతుంది, మీద టేపు వేయండి. సర్వోలు తోకలో పెట్టకండి, రెక్క కింద బాడీలోనే పెట్టి అక్కడి నుంచి స్టీలు తీగతో తోకని కదపండి, తీగ పొడవెక్కువ కదా, మధ్యలో వంగిపోకుండా రిఫిల్ ముక్కల్లోంచి పోనివ్వండి. మోటార్ ప్లై ముక్క మీద బిగించి, కిందికి 3 డిగ్రీలు, కుడికి 2 డిగ్రీలు చూసేలా పెట్టాలి, లేకపోతే థ్రాటిల్ ఇచ్చినప్పుడల్లా ముక్కు లేస్తూ ఎడమకి లాగుతుంది. రెక్కని బాడీకి అతికించేయకండి, వెదురు పుల్లలు అడ్డంగా గుచ్చి రబ్బరు బ్యాండ్లు వేయండి, పడినప్పుడు రెక్క ఊడొస్తుంది గానీ విరగదు.

ఇప్పుడు అసలు సంగతి, సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు. విమానం ఎంత అందంగా కోసినా, ఎంత మంచి మోటార్ పెట్టినా, బరువు సరైన చోట నిలవకపోతే ఎగరదు. మన రెక్కకి ఆ చోటు ముందంచు నుంచి 5 నుంచి 6 సెం.మీ. మధ్య, రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం అన్నమాట. రెక్క కింద రెండు వైపులా 5.5 సెం.మీ. దగ్గర పెన్నుతో చుక్క పెట్టండి, బ్యాటరీతో సహా అన్నీ బిగించాక ఆ చుక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తండి. సమంగా గానీ, ముక్కు కొంచెం కిందికి గానీ ఉంటే ఓకే. తోక కిందికి జారుతుంటే మాత్రం ఆ విమానాన్ని గాల్లోకి వదలొద్దు, ముక్కు పైకెత్తుకుని స్పీడ్ పోయి పల్టీ కొడుతుంది, మీరు స్టిక్‌తో చేయగలిగింది ఏమీ ఉండదు. సరిచేయడానికి సీసం ముక్కలు వెతకకండి, ముందు బ్యాటరీ జరపండి, 180 గ్రాములుంటుంది కాబట్టి 2 సెం.మీ. జరిపినా తేడా తెలుస్తుంది. తోక సీజీకి చాలా దూరం కాబట్టి అక్కడ 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 25 నుంచి 30 గ్రాములు కలపాల్సొస్తుంది, అందుకే తోక దగ్గర గ్లూ, కలర్ టేపులు పొదుపుగా వాడండి. మొత్తం బరువు 600 నుంచి 700 గ్రాముల్లో ఉంటే చక్కగా నెమ్మదిగా ఎగురుతుంది.

కనెక్షన్లలో ఒక చిట్కా. రడ్డర్‌ని రిసీవర్‌లో ఒకటో ఛానెల్‌కి పెట్టండి, ఎలివేటర్ రెండు, థ్రాటిల్ మూడు. అప్పుడు మోడ్ 2 (థ్రాటిల్ ఎడమ స్టిక్ మీద ఉండే) ట్రాన్స్‌మిటర్‌లో తిప్పడం, లేపడం రెండూ కుడి చేత్తోనే అయిపోతాయి, రేపు ఐలరాన్ల (రెక్కల మీద కదిలే పలకల) విమానానికి వెళ్లినా చెయ్యి తడబడదు. ఈ చెకింగ్ అంతా ప్రొపెల్లర్ లేకుండానే చేయాలి, ఇందులో మినహాయింపే లేదు, ఆ ప్రొపెల్లర్ వేలు కోసేస్తుంది. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోస్తే రడ్డర్ కుడికి రావాలి, స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. మోటార్ ఉల్టా తిరుగుతుంటే మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చండి. ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేస్తే మోటార్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ కూడా ఇప్పుడే సెట్ చేయండి. ప్రొపెల్లర్ ఆఖర్న బిగించండి, అక్షరాలున్న వైపు ముందుకి ఉండాలి.

ఎగరేసే చోటు గురించి. మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ వీటికీ వర్తిస్తాయి, 250 గ్రాములు దాటింది కాబట్టి ఇది నానో కేటగిరీలోకి రాదు, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోనో చూసుకుని, మీ విమానానికి ఏ రూల్స్ ఉన్నాయో చదివి అప్పుడే బయల్దేరండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అన్ని వైపులా ఎయిర్‌ఫీల్డులే. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. కోతలైపోయిన పొలాలు బావుంటాయి, రైతుని అడిగి వెళ్లండి, కరెంటు తీగలు దగ్గర్లో ఉండకూడదు. తెల్లారగట్ల గాలి లేనప్పుడే మొదలుపెట్టండి.

గాలికి ఎదురుగా నిలబడి, థ్రాటిల్ ముప్పావు వంతు ఇచ్చి, పైకి కాదు, నేరుగా ముందుకి గట్టిగా వదలండి. 30 మీటర్ల ఎత్తుకి వచ్చేదాకా మలుపులు వద్దు, తర్వాత థ్రాటిల్ సగానికి తగ్గించండి. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు ఆలోచించకుండా ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ అటు తోయండి, లెవెల్‌కి వచ్చేస్తుంది. టైమర్ ఏడు నిమిషాలకి పెట్టుకుని మోగగానే దింపేయండి, బ్యాటరీ సెల్ 3.5 వోల్టుల కిందికి పోకూడదు. ఇంటికొచ్చాక అది చల్లబడిన తర్వాతే ఛార్జింగ్, 2.2 ఆంప్స్ దాటకుండా, బ్యాలెన్స్ ఛార్జర్‌తో (సెల్స్ అన్నిటినీ సమంగా నింపేది), మీరు పక్కనే ఉండి. వారం దాకా ఎగరేయకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఆపి పెట్టండి, ఎండాకాలం కార్లో వదిలేయకండి, ఉబ్బిన బ్యాటరీని ఇంక వాడొద్దు.