బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక మళ్లీ వెయిట్స్ ఎత్తడం ఎలా?

"ఆపరేషన్ అయిందిగా, ఇంక నడిస్తే చాలు" అని ఎవరో ఒకరు చెప్తారు, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఏడాది పాటు ట్రెడ్‌మిల్ దిగరు. తగ్గేది కొవ్వొక్కటే కాదండీ, తిండి అంతలా పడిపోయినప్పుడు కండ కూడా కరుగుతుంది, వేయింగ్ మెషీన్‌కి ఆ తేడా తెలీదు. ముప్పై కిలోలు తగ్గానని సంబరపడేవాళ్లు మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయంటారు మరి, ఎందుకు వణకవు? కాబట్టి వెయిట్స్ చెయ్యాల్సిందే.

ముందు సర్జన్ ఓకే అనాలి. స్లీవ్ (లోపలి జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసేది) అయినా బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపేది) అయినా ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న కన్నాల్లోంచి చేస్తే మామూలుగా 6 నుంచి 8 వారాలకి వెయిట్స్‌కి ఒప్పుకుంటారు, కోసి చేసినదైతే ఇంకా లేటు. అప్పటిదాకా 4, 5 కిలోలు దాటకూడదు అని చెప్తే మనవాళ్లు అది జిమ్ గురించే అనుకుంటారు. వంటింట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెట్టేది వీళ్లే, గ్యాస్ సిలిండర్ జరిపేదీ వీళ్లే. అవీ బరువులే కదా! బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు డోసు మళ్లీ చూపించుకోండి, బరువు తగ్గాక పాత డోసే మింగుతూ వర్కవుట్‌కి వస్తే మధ్యలో కళ్లు తిరుగుతాయి.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. మంచి షూస్, తేలిక డంబెల్స్ ఒక జత, బెంచీ, వాటర్ బాటిల్. వెయిట్స్ ఎత్తేవాళ్లు నడుముకి బిగించుకునే బెల్ట్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

తిండి సంగతి మీ డైటీషియన్ చెప్పే ఉంటారు, రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్. ప్లేట్లో ముందు గుడ్డో చికెనో పనీరో తినండి, అన్నంతో మొదలెడితే నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతుంది. నీళ్లు గటగటా తాగడం ఇక కుదరదు కాబట్టి జిమ్‌కొచ్చాక తాగుదాంలే అనుకోకండి, పొద్దున్నుంచే గుక్క గుక్క తాగుతూ ఉండాలి. బైపాస్ అయినవాళ్లు తియ్యటి ఎనర్జీ డ్రింక్స్ జోలికి పోవద్దు, చెమటలు, గుండె దడ, విరేచనాలు, ఆ రోజు అంతటితో సరి.

ఇక అసలు సంగతి, ఊపిరి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఇదివరకు వెయిట్స్ చేసినవాళ్లకి ఒక అలవాటుంటుంది, గుండెల నిండా గాలి పీల్చి, పొట్ట బిగించి, ఊపిరి ఆపి లేపడం. పెద్ద బరువులకి అది సరైన పద్ధతే, కాదనను, కానీ అప్పుడు పొట్టలో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ల్యాప్రోస్కోపీకి పొట్ట మీద నాలుగైదు చిన్న కన్నాలు పెడతారు, స్లీవ్‌లో కోసిన జీర్ణాశయం ముక్కని బయటికి తీసే కన్నం కాస్త పెద్దది. పైన చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది, అది చూసే అంతా మానిపోయిందనుకుంటారు. కింద ఉన్న గట్టి పొర పూర్తిగా బలపడ్డానికి నెలలు పడుతుంది, ఈలోపు ఒత్తిడి పడితే కొవ్వో పేగో ఆ సందులోంచి తోసుకొచ్చిందంటే హెర్నియా, దానికి ఇంకో ఆపరేషన్.

అందుకే నా దగ్గర రూలు ఒకటే, ఎత్తేటప్పుడు పైకి వినపడేలా లెక్కపెట్టాలి. సిగ్గుపడొద్దు. నోటితో "ఒకటీ... రెండూ..." అంటుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. అంకె గొంతులో ఆగిపోయి "మ్మ్..." అని మూలుగు వచ్చిందా, బరువు ఎక్కువైనట్టు, దించేయండి. వారానికోసారి మచ్చల మీద వేళ్లు ఆనించి నిలబడి దగ్గి చూడండి, వేళ్ల కింద ఉబ్బు తగిలితే జిమ్ బంద్, నేరుగా సర్జన్ దగ్గరికే.

ఇంకోటి, సెట్టంతా లక్షణంగా లెక్కపెడుతూ చేస్తారు, అయిపోగానే డంబెల్ కింద పెట్టడానికి నడుం పక్కకి తిప్పి వంగి ఊపిరి బిగపడతారు! పట్టుకునేటప్పుడూ ఇంతే, కింది ర్యాక్‌లోంచి మెలి తిరుగుతూ లాగుతారు. డంబెల్ నేల మీద ఉండకూడదు, మోకాలి ఎత్తున్న బెంచీ మీద ఉండాలి, అక్కడ్నుంచే తీయాలి, అక్కడే పెట్టాలి.

ఎక్సర్‌సైజులు సింపులే. డంబెల్ ఛాతీకి ఆనించి బెంచీ మీద కూర్చుని లేవడం, కూర్చుని రోయింగ్ (బరువుని ఒంటి వైపు లాగడం), పడుకుని డంబెల్ ప్రెస్ (ఛాతీ మీంచి పైకి నెట్టడం), వారానికి మూడు రోజులు, ఒక్కోటి 12 రెప్స్, అంటే 12 సార్లు. మొదటి నెల బార్ ముట్టుకోవద్దు, ఒలింపిక్ బార్ ఖాళీదే 20 కిలోలు. స్మిత్ మెషీన్ సేఫ్ అని కొందరు ట్రైనర్లు ఎక్కిస్తారు, నాకు నచ్చదు, అంత బరువు తగ్గాక ఒంటి బ్యాలెన్సే మారిపోతుంది, పట్టాల మీద జారే బార్‌తో ఆ బ్యాలెన్స్ ఎలా వస్తుంది? వేలాడే చర్మం తగ్గాలని క్రంచెస్ (పడుకుని తల, భుజాలు పైకి లేపే పొట్ట ఎక్సర్‌సైజు) మొదలెట్టేవాళ్లకి ఒక దణ్ణం, క్రంచెస్‌తో చర్మం బిగుసుకోదు, పైగా మనం ఇంతసేపూ వద్దనుకున్న ఒత్తిడి మొత్తం పొట్ట మీదే పడుతుంది.

మర్నాడు ఒళ్లు నొప్పులు ఖాయం. మెడికల్ షాపుకెళ్లి ఒళ్లు నొప్పులకి ఏదైనా ఇవ్వన్నా అంటే చేతిలో డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో పెడతాడు, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి అవి జీర్ణాశయాన్నీ పేగునీ కలిపిన కుట్టు దగ్గర అల్సర్ (పుండు) చేయొచ్చు. ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి, ఏ మాత్ర వాడాలో మీ డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగాకే కొనండి.