రేకు కింద వేసిన ఫోమ్ ఊడిపోతుంటే

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోనూ, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనూ వేడి లోపలికి రాకుండా రేకుల అడుగున స్ప్రే చేసిన పాలీయురేథేన్ ఫోమ్ ఊడితే అందరూ మొదట మందునే, అంటే ఫోమ్ తయారయ్యే రసాయనాన్నే తిడతారు. నేను చూసిన పనుల్లో తప్పు ఎక్కువగా రేకు దగ్గరే ఉంది. ఊడిన ముక్కను పారేయకుండా తిప్పి చూడండి. రేకుకు ఫోమ్ పొర మిగిలి, ముక్క మధ్యలో చిరిగితే అతుకు మంచిదే, ఫోమ్‌లోనే బలం లేదు. రేకు శుభ్రంగా బయటపడితే అసలు అతుకే పడలేదు.

ముక్క వెనుక నున్నగా, జిడ్డుగా ఉంటే
కొత్త జింకు రేకులపై నూనె పొర ఉండవచ్చు. పాత రేకులపై దుమ్ము, మిర్చి గోదాముల్లో అయితే కారపు ధూళి. సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పును గీకి, లోహానికి సరిపడే ప్రైమర్ వేయాలి. ముందు జానెడు మేర వేసి, మరునాడు కోసి లాగి చూడండి. ఈ ఒక్క రోజు ఆగడానికి మనసొప్పక కప్పంతా రెండుసార్లు చేయించుకున్నవారు ఉన్నారు.

వెనుక బుడగలు, గుంతలు కనిపిస్తే
ఇది తేమ పని. ఫోమ్ కోసం కలిపే రెండు రసాయనాల్లో ఒకటైన ఐసోసైనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువు రేకుకూ ఫోమ్‌కూ మధ్య చేరి అతుకును చెడగొడుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున రేకు అడుగున కూడా మంచు పడుతుంది. పొడి బట్టతో తుడిచి చూడండి. రేకు వేడి, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలి. సిమెంటు రేకులు, ప్లైవుడ్ పైకి ఆరినట్టున్నా లోపల నీరు దాచుకుంటాయి. వాటి విషయంలో కారుతున్న చోటును ముందు మూయాలి.

మే నెల మధ్యాహ్నం పరిస్థితి ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. చెయ్యి ఆనించలేనంత వేడి రేకుపై ఫోమ్ సరిగా పరుచుకోకముందే గట్టిపడుతుంది. పొద్దెక్కకముందే ముగించండి.

అంచులు లేచి, పగుళ్లు వస్తే
ఒకేసారి మందంగా కొట్టారు. ఒక్కో పొర 50 మిల్లీమీటర్లు దాటకూడదు. తయారీదారు అంతకంటే తక్కువ చెబితే అదే పాటించాలి. కింది పొర చల్లారాకే పై పొర. మందపు కుప్ప లోలోపల వేడెక్కి మాడుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు.

జిగటగా మిగిలినా, పొడిపొడిగా రాలినా
రెండు డ్రమ్ముల మందు సమపాళ్లలో రావడం లేదు. స్ప్రే యంత్రం జల్లెడ మూసుకుపోయిందేమో, గొట్టం వేడి తగ్గిందేమో చూడండి. ఆ ఫోమ్ ఎన్నాళ్లున్నా బాగుపడదు. దానిపైనే మళ్లీ కొడితే రెండూ కలిసి ఊడతాయి.

ఏ కారణమైనా, గట్టి ఫోమ్ తగిలేదాకా కోసి, అంచులు ఏటవాలుగా చెక్కి, రేకు శుభ్రం చేశాకే కొత్తది వేయాలి. కోల్డ్ స్టోరేజీలో వేలాడే ముక్కను అలా వదిలేయవద్దు. ఆ సందులోకి తేమగాలి చేరి నీరై, పక్కనున్న మంచి ఫోమ్‌ను కూడా ఊడదీస్తుంది. స్ప్రే చేసేవారికి బయటి గాలి అందించే మాస్కు తప్పనిసరి. మూతికి కట్టుకున్న తువ్వాలు ఐసోసైనేట్ నుంచి ఊపిరితిత్తులను కాపాడదు.