ఆర్‌ఈఎం ముప్పై ఏళ్ల పాటల్ని ఎలా వినాలి? డ్రమ్మర్ వెంట వెళ్లండి

'లూజింగ్ మై రిలిజియన్' ఒక్కసారైనా చెవిన పడనివాళ్లు తక్కువ. ఏ కేఫ్‌లోనో, ఎవరి రీల్‌లోనో ఆ మాండొలిన్ వినే ఉంటారు. పాడింది ఆర్‌ఈఎం అని తెలిసినవాళ్లు కొంచెం తక్కువ. ఆ బ్యాండ్ 1980 నుంచి 2011 దాకా నడిచిందని, 15 స్టూడియో ఆల్బమ్‌లు చేసిందని తెలిసి, సరే మొత్తం వినేద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది రెండో ఆల్బమ్ దగ్గరే లేచిపోతారు. పాటలు బాగాలేక కాదు, వినే వరస కుదరక. కింద చెప్పే వరసలో వెళ్తే ఒక నెలలో తీరిగ్గా పూర్తవుతుంది. వినడంతో పాటు, ఊళ్లో పార్టీల్లో వాయించుకునే కాలేజీ కుర్రాళ్లు ప్రపంచంలోనే పెద్ద రాక్ బ్యాండ్లలో ఒకటిగా ఎలా ఎదిగారో, ఎక్కడ దెబ్బ తిన్నారో కూడా తెలుస్తుంది.

ముందు నాలుగు పేర్లు గుర్తుపెట్టుకోండి

పాడేది మైకేల్ స్టైప్. గిటార్ పీటర్ బక్. బేస్ గిటార్ మైక్ మిల్స్. డ్రమ్స్ బిల్ బెర్రీ. ఊరు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్, యూనివర్సిటీ ఊరు. బక్ ఒక రికార్డుల షాపులో పనిచేసేవాడు, స్టైప్ అక్కడికి రికార్డులు కొనడానికి వచ్చేవాడు, అలా పరిచయం. మిల్స్, బెర్రీ మాత్రం మేకన్ అనే ఊళ్లో హైస్కూల్ రోజుల నుంచీ కలిసి వాయించినవాళ్లు. 1980 ఏప్రిల్ 5న, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో నలుగురూ మొదటిసారి జనం ముందు వాయించారు.

ఆల్బమ్ అట్ట తిప్పి చూస్తే ప్రతి పాట కిందా నలుగురి పేర్లూ ఉంటాయి: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. ఎవరు ఎంత రాసినా పేరు నలుగురిదీ, డబ్బు నాలుగు సమాన వాటాలు. బ్యాండ్లు విడిపోయేది ఎక్కువగా ఈ వాటాల దగ్గరే కాబట్టి ఇది చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే వినేవాడికి ఒక చిక్కు. ఫొటోల్లో స్టైప్, ఇంటర్వ్యూల్లో బక్ ఎక్కువగా కనిపిస్తారు. వెనక కూర్చున్న బెర్రీ ఏం చేశాడో పేర్ల పట్టీ చూసి తెలుసుకోలేం. అందుకే నా సలహా ఒకటే: ఈ ముప్పై ఏళ్లూ ఒక చెవి డ్రమ్మర్ మీద వేసి ఉంచండి. ఆర్‌ఈఎం కథలో అసలు మలుపులు అతని దగ్గరే ఉన్నాయి.

షఫుల్ ఆపేయండి

ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాలి. ఉచిత యాప్‌లలో పాటలు వాటంతటవే తారుమారైతే, యూట్యూబ్‌లో ఆల్బమ్ ప్లేలిస్టు పెట్టుకోండి. ఇంకో జాగ్రత్త: యాప్‌లలో ఎక్కువగా కనిపించేవి పెద్ద ఎడిషన్లు. అసలు ఆల్బమ్ అయిపోయాక డెమోలు, కచేరీ రికార్డింగులు గంటలకొద్దీ వస్తూనే ఉంటాయి. 'మర్మర్' అయినా 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' అయినా 12 పాటలే, అక్కడికి ఆపండి. మాటలు వెతికే యాప్ కూడా ప్రస్తుతానికి మూసి ఉంచండి. ఎందుకో మర్మర్ దగ్గర చెప్తాను.

1991 నుంచి లోపలికి రండి

మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టొద్దు. 'అవుట్ ఆఫ్ టైమ్' పెట్టండి, అందులోనూ ముందు మీకు తెలిసిన 'లూజింగ్ మై రిలిజియన్' పాటే వినండి. బక్ అప్పుడే మాండొలిన్ కొని, టీవీ చూస్తూ సాధన చేసుకుంటున్న రోజుల్లో చేతికి తగిలిన వరస అది. గట్టిగా చెప్పుకోదగిన పల్లవి లేదు. ముందుండాల్సిన గిటార్ స్థానంలో మాండొలిన్ ఉంది. దీన్ని సింగిల్‌గా వదలడానికి రికార్డు కంపెనీ జంకింది. తీరా చూస్తే అమెరికా పాటల చార్టులో 4వ స్థానం దాకా వెళ్లింది, ఆల్బమ్ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ 1వ స్థానంలో నిలిచింది, కోటికి పైగా కాపీలు అమ్ముడైంది.

రెండోసారి వినేటప్పుడు మాండొలిన్‌ను వదిలేసి బెర్రీ ఏం చేస్తున్నాడో చూడండి. దాదాపు ఏమీ చేయడు. పాట ఎంత పైకి వెళ్లినా ఆర్భాటం లేకుండా అదే నడక పట్టుకుని ఉంటాడు, ఎక్కడా కంగారు పడడు. ఆ నిలకడ ఉండబట్టే స్టైప్ గొంతు అంత అలజడిగా వినిపిస్తుంది.

వీడియో కూడా తప్పకుండా చూడండి. తీసింది మన జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. కిందపడి పగిలే పాల జగ్గు, రెక్కల ముసలివాడు, ఇటలీ చిత్రకారుడు కారవాజియో చిత్రాల వెలుగునీడలు, వాటి పక్కనే మన దేవుళ్ల పటాల్లో కనిపించే రంగులు. ఆ ఏడాది ఎంటీవీ ఉత్తమ వీడియో అవార్డు దానికే వచ్చింది.

ఇప్పుడు వెనక్కి, 1983కి

'మర్మర్' పెట్టండి. అట్ట మీద అమెరికా దక్షిణాదిలో చెట్లనీ స్తంభాలనీ మింగేసే కుడ్జు తీగ. లోపల స్టైప్ గొంతు కూడా అలాగే గిటార్ల కింద కప్పబడి ఉంటుంది. స్టూడియో పక్కన మెట్ల దారిలో, చీకట్లో నిలబడి పాడాడట. అమెరికన్లకే సగం మాటలు అర్థం కాలేదు. అందుకే మాటల యాప్ వద్దన్నాను. హిందీ ముక్క రానప్పుడు కూడా మనం రేడియోలో హిందీ పాటలు విని కూనిరాగం తీశాం కదా, అలా వినండి. బ్యాండ్ కూడా ఒక ఆల్బమ్‌లోని పాటల మాటలన్నీ అచ్చు వేయడం 1998లో మొదలుపెట్టింది, అంతదాకా వినేవాళ్ల ఊహకే వదిలేసింది.

1983లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఊపేస్తుంటే, రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఉత్తమ ఆల్బమ్‌గా మర్మర్‌ను ఎంచుకున్నారు. అమ్మకాల్లో పోలికే లేదు. కానీ కాలేజీ రేడియో స్టేషన్లు దీన్ని నెత్తిన పెట్టుకున్నాయి. తర్వాతి రోజుల్లో ఆల్టర్నేటివ్ రాక్ అని పిలిచిన దారి అక్కడే పడింది.

ఇక్కడ ఆగి 'పర్ఫెక్ట్ సర్కిల్' మళ్లీ వినండి. రెండు పియానోలు ఒకే వరసను ఒకేసారి వాయిస్తాయి. ఒకటి శుభ్రంగా, ఇంకొకటి రేకు మోగినట్టు. ఆ బాణీ ప్రధానంగా డ్రమ్మర్ బెర్రీదే. ఇంకో సంగతి, బెర్రీ బ్యాండ్‌కు ముందు మేకన్‌లో కచేరీలు కుదిర్చే ఒక ఏజెన్సీలో పనిచేశాడు. అక్కడ ఇయన్ కోప్లాండ్‌తో స్నేహం కుదిరింది. ఇయన్ అన్న మైల్స్‌దే ఐఆర్ఎస్ రికార్డు కంపెనీ, తమ్ముడు స్టూవర్ట్ 'ది పోలీస్' అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్. 1982లో ఆర్‌ఈఎం సంతకం పెట్టింది ఐఆర్ఎస్‌తోనే. దారి ఎవరి పరిచయంతో తెరుచుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎనభైలను గొంతు పట్టుకుని దాటండి

1984 నుంచి 1987 దాకా ఏడాదికి ఒక ఆల్బమ్. అన్నిటిమీదా ఒకే శ్రద్ధ పెట్టక్కర్లేదు. 'రెకనింగ్' హాయిగా సాగిపోతుంది. 'ఫేబుల్స్ ఆఫ్ ది రీకన్‌స్ట్రక్షన్' లండన్ చలిలో, వానలో, ఇంటి మీద బెంగతో చేసింది. బ్యాండ్ విడిపోయే దాకా వెళ్లిన రోజులవి, ఆ ముసురు పాటల్లోనే ఉంటుంది. మొదటిసారికి దాటేసి తర్వాత రావచ్చు.

1986 నాటి 'లైఫ్స్ రిచ్ పేజెంట్' మాత్రం దాటొద్దు. ప్రొడ్యూసర్ డాన్ గెమన్ పట్టుబట్టి స్టైప్ చేత మాటలు స్పష్టంగా పలికించాడు. మర్మర్ విన్న వెంటనే ఇది వింటే, గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టుంటుంది. 'ఫాల్ ఆన్ మి' ఇయర్‌ఫోన్స్‌తో వినండి. స్టైప్ పాడుతుంటే వెనక మిల్స్, బెర్రీ వేరే మాటలతో వేరే వరసలు పాడుతుంటారు. మూడు గొంతులు ఒకదాన్నొకటి తొక్కకుండా నడుస్తాయి. ఒకసారి స్టైప్‌ను మాత్రమే, ఇంకోసారి వెనక గొంతుల్ని మాత్రమే పట్టుకుని వినండి. బెర్రీ పాడగలడన్న సంగతి చాలామంది అభిమానులకే ఆలస్యంగా తెలుస్తుంది.

1987లో 'డాక్యుమెంట్'. 'ది వన్ ఐ లవ్' అమెరికాలో మొదటి పదిలోకి వెళ్లిన వాళ్ల తొలి పాట. ప్రేమ పాట అనుకుని రేడియోలో అంకితాలు ఇచ్చుకున్నారు జనం, మాటలు చూస్తే అంత కర్కశమైనది ఇంకోటి లేదు. మరుసటి ఏడాది వార్నర్ కంపెనీకి మారి, అమెరికా అధ్యక్ష ఎన్నిక రోజునే, అంటే 1988 నవంబర్ 8న, 'గ్రీన్' విడుదల చేశారు. చిన్న కంపెనీ వదిలి పెద్ద కంపెనీకి వెళ్లారని అప్పట్లో సణిగినవాళ్లు ఉన్నారు. నాకైతే అందులో తప్పేమీ కనపడదు, పాటలు పాడవలేదు.

ఒక రాత్రంతా 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్'కి ఇవ్వండి

1992. సియాటిల్ నగరపు గ్రంజ్ రాక్ బ్యాండ్ల గిటార్ హోరుతో అమెరికా అంతా అదిరిపోతున్న ఏడాది వీళ్లు గొంతు తగ్గించి, చావు గురించి, పోయిన వయసు గురించి పాడారు. టూరు చేయలేదు. పేరు ఏథెన్స్‌లో వీవర్ డి అనే భోజన హోటల్ బోర్డు మీది మాట. నాలుగు పాటలకు స్ట్రింగ్స్, అంటే వయొలిన్ లాంటి తంత్రీ వాద్యాలు, కూర్చింది లెడ్ జెపెలిన్ బ్యాండ్ బేస్ గిటారిస్టు జాన్ పాల్ జోన్స్.

'ఎవ్రీబడీ హర్ట్స్' దగ్గర చెవి రిక్కించండి. బ్యాండ్ పాటల్లోకెల్లా తేటగా అర్థమయ్యే మాటలు ఇవే. బతుకు మీద విసిగిన పిల్లలకు నేరుగా చేరాలని కావాలనే అంత సాదాగా రాశారు. పాటలో ఎక్కువ భాగం బెర్రీ తెచ్చినదే. వెనక టిక్కు టిక్కుమని నడిచేది మాత్రం డ్రమ్ మెషీన్! డ్రమ్మర్ తెచ్చిన పాటకు యంత్రం తాళం వేస్తే బాగుంటుందని ఒప్పుకోవడానికి ఎంత అహం పక్కన పెట్టాలో ఆలోచించండి. 'మ్యాన్ ఆన్ ది మూన్' చరణంలో పైకీ కిందికీ ఊగే ఆ రెండు గిటార్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) కూడా అతను తెచ్చినవే. ఇక 'నైట్‌స్విమ్మింగ్'లో అసలు డ్రమ్సే ఉండవు. మిల్స్ పియానో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, స్టైప్ పాడతాడు, స్ట్రింగ్స్, ఓబో అనే ఊదే వాద్యం ఒకటి, అంతే. డ్రమ్మర్‌ను వెతకమని చెప్పి డ్రమ్స్ లేని పాట వినమంటున్నానని నవ్వుకోండి, పర్వాలేదు. ఎక్కడ వాయించకూడదో తెలిసినవాడు అతను.

ఆ తర్వాతి రెండూ సౌండ్ పెంచి వినండి

1994 'మాన్‌స్టర్' మీకు నచ్చకపోవచ్చు. సెకండ్‌హ్యాండ్ సీడీల షాపుల్లో గుట్టలుగా పడి ఉండేదని అమెరికాలో జోకు. గిటార్ గోల ఎక్కువ, గొంతు మళ్లీ వెనక్కి పోయింది. 'లెట్ మి ఇన్' ఒక్కటి మాత్రం వదలొద్దు, నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ చనిపోయాక అతని కోసం చేసిన పాట.

ఈ ఆల్బమ్ తర్వాతి టూరులో 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో, స్టేజీ మీద ఉండగానే బెర్రీకి భరించలేని తలనొప్పి వచ్చింది. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆపరేషన్ అయింది, కోలుకున్నాడు, మే నెలలో టూరు మళ్లీ మొదలైంది. అదే టూరులో మిల్స్‌కు కడుపు ఆపరేషన్, స్టైప్‌కు హెర్నియా ఆపరేషన్. ఇంత జరుగుతుంటే కచేరీల ముందు సౌండ్‌చెక్‌లలో, ఖాళీ హాళ్లలో కొత్త పాటలు రికార్డు చేసుకుంటూ పోయారు. 1996లో వచ్చిన 'న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై' ఎక్కువగా అలా పుట్టిందే. నా లెక్కలో నలుగురూ కలిసి చేసిన వాటిలో ఇదే గొప్పది. చాలామంది ఒప్పుకోరు. ముందు 'లీవ్' విని తర్వాత వాదించండి.

1997 అక్టోబర్ తర్వాత ఏం మారిందో పట్టుకోండి

బెర్రీ తప్పుకున్నాడు. గొడవల్లేవు. ఈ బతుకు ఇక చాలని, నేను పోతే మీరు బ్యాండ్ ఆపేసేట్టయితే మాత్రం వెళ్లనని చెప్పి వెళ్లాడు. పొలంలో ఎండుగడ్డి వ్యవసాయం చేసుకున్నాడు.

1998 'అప్' పెట్టి, హై-ఫై తర్వాత వెంటనే వినండి. డ్రమ్ మెషీన్లు, కీబోర్డులు, ఖాళీలు. కొన్ని పాటలు చాలా అందమైనవి, 'ఎట్ మై మోస్ట్ బ్యూటిఫుల్' అందులో ఒకటి. కానీ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తాళం కోసం తడుముకుంటున్నట్టు ఉంటుంది. 2001 'రివీల్'లో 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్' చాలు. 2004 'అరౌండ్ ది సన్' వినకపోయినా నష్టం లేదు, ఆ పాటలతో తమకే విసుగొచ్చిందని బక్ తర్వాత బహిరంగంగానే అన్నాడు. 2008 'యాక్సిలరేట్' సుమారు 35 నిమిషాల్లో దూసుకుపోతుంది, డ్రమ్స్ బిల్ రీఫ్లిన్ వాయించాడు. 2011లో 'కొలాప్స్ ఇన్‌టు నౌ' వచ్చింది, సెప్టెంబర్ 21న విడిపోతున్నామని ప్రకటించారు. కోర్టు కేసులు, తిట్లు, మళ్లీ కలిసే టూర్లు, ఏవీ లేవు.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఏథెన్స్ గంటన్నర దారి. ఓకోనీ స్ట్రీట్‌లో వాళ్లు మొదటిసారి వాయించిన ఆ పాత చర్చిని 1990లో కూల్చేశారు, శిఖరం ఒక్కటి నిలబెట్టారు. చూడ్డానికి పది నిమిషాలు చాలు. మిగతావాళ్లు చివర్లో ఒక వీడియో చూడండి. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో, పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాళ్లను చేర్చుకున్న రాత్రి, నలుగురూ కలిసి 'లూజింగ్ మై రిలిజియన్' వాయించారు. ఈసారి స్టైప్‌ను కాకుండా బెర్రీని చూడండి.