నడుము నొప్పా? పొద్దున లేచే పద్ధతి మార్చి చూడండి

నడుము పట్టేసే వాళ్ళు ఇది గమనించారో లేదో, పొద్దున లేవగానే వంగితే వచ్చే నొప్పి అదే పని మధ్యాహ్నం చేస్తే అంతగా ఉండదు. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో నడుము బిగుసుకుని ఉంటుంది, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడీ ఎక్కువే. కాబట్టి ఒక్క ఉదుటున లేవకండి. పక్కకి తిరిగి, కాళ్ళు కిందకి దించుతూ చేత్తో మంచాన్ని నొక్కి లేవండి. బకెట్లు ఎత్తడం, నేల తుడవడం లాంటివి గంట ఆగి పెట్టుకోండి, తప్పదంటే మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తండి. కూర్చుని చేసే పనైతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాల్సిందే, ఎంత ఖరీదైన కుర్చీ అయినా కదలకుండా కూర్చుంటే లాభం లేదు (కొని చూశాను లెండి). నొప్పి వచ్చిందని రోజుల తరబడి పడుకోవడం కూడా వద్దు, ఓర్చుకోగలిగినంత నడుస్తుంటేనే త్వరగా తగ్గుతుంది. కాలు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.