బంగాళాదుంప మొండికేస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

బెంగళూరు లేఅవుట్లలో మైకు పెట్టుకుని తిరిగే టెంపోలు వంద రూపాయలకు ఇన్ని కిలోలంటూ బంగాళాదుంపలు అమ్ముతుంటాయి. చవకగా దొరికాయని నలుగురున్న ఇంటికి నాలుగు కిలోలు తెచ్చుకుంటే మొదటి కిలో ఇష్టంగా, రెండో కిలో మొహమాటంగా ఖర్చవుతుంది, మిగిలినవి సింకు కింద మొలకలెత్తుతాయి. కూర చెడినప్పుడు వండిన చేతినో, వేసిన మసాలానో తప్పుపట్టడం మామూలే గాని, చాలాసార్లు లోపం దుంప వయసులోనో, దాన్ని నిలవచేసిన చోటులోనో, ఉడికించిన నీటిలోనో ఉంటుంది. అది తెలిస్తే దాదాపు ప్రతి దుంపకూ తగిన వంట ఒకటి దొరుకుతుంది.

వేపుడు కరకరలాడకుండా ముద్దయి బాణలికి అంటుకుంటోంది

ఇది ఎక్కువగా కొత్త దుంపల వల్ల వచ్చే చిక్కు. కర్ణాటకలోని హాసన్ ప్రాంతంలో తొలకరికి నాటిన పంట ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మార్కెట్టుకు వస్తుంది. వానల్లో పెరిగిన ఆ దుంపలో నీరు ఎక్కువ, తొక్క పలచన. బొటనవేలితో రుద్దగానే తొక్క పొరలా లేచివస్తే అది కొత్త దుంపేనని గుర్తించవచ్చు. అమ్మేవారిని హాసన్ మాలా, ఉత్తరాది నుంచి వచ్చిన ఆగ్రా మాలా అని తెలుగులో అడిగినా చాలామంది జవాబిస్తారు. కొత్త దుంపను కుర్మాకు, మెంతికూరతో కలిపి చేసే కూరకు, పులుసుకు వాడుకోవాలి, ఎందుకంటే అది ఉడికినా ముక్క విడిపోదు. వేపుడుకు, బోండాకు తొక్క ముదిరి, కోసినప్పుడు కత్తికి తెల్లటి పిండి అంటుకునే దుంప కావాలి.

ఏ దుంప ఎటువంటిదో చూసి చెప్పలేకపోతే ఒక పాలు ఉప్పును పదకొండు పాళ్ళ నీటిలో కరిగించి అందులో వేసి చూడవచ్చు. పిండిపదార్థం ఎక్కువున్న దుంప మునుగుతుంది, నీరెక్కువ ఉన్నది తేలుతుంది.

ఇంట్లో కొత్త దుంపలే ఉండి, పిల్లలు వేపుడే కావాలని పట్టుపడితే, ముక్కలను సన్నగా కోసి, కడిగిన నీటిలో పాలలాంటి తెలుపు పోయేదాకా రెండు మూడుసార్లు కడిగి, పొడిబట్ట మీద పావుగంట ఆరబెట్టాలి. వెడల్పాటి బాణలిలో నూనె బాగా కాగాక ముక్కలను ఒకే వరసగా పరచి, మూత పెట్టకుండా, మొదటి ఐదారు నిమిషాలు అట్లకాడ తగిలించకుండా వదిలెయ్యాలి. అడుగుభాగం ఎర్రబడి గట్టిపడ్డాక ముక్క దానంతట అదే బాణలిని వదులుతుంది. అంతకుముందే కదిపితే పైపొర బాణలికి, మిగిలిన గుజ్జు అట్లకాడకు అంటుకుంటాయి. ఉప్పు ముందుగా వేస్తే నీరూరుతుంది కాబట్టి అది చివరన వెల్లుల్లికారంతో పాటు వెయ్యాలి. దించే ముందు చెంచాడు బియ్యప్పిండి చల్లి ఒకసారి తిప్పితే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది.

లోపల ఉడకకముందే ముక్క నల్లబడుతోంది, రుచి కూడా తియ్యగా ఉంది

చల్లదనమే దీనికి కారణం. సుమారు 6 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నచోట దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర వేడి నూనెలో త్వరగా మాడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన దుంపకే కాదు, ఉత్తరాది శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి ఉండి వచ్చిన దుంపకూ ఈ తీపి ఉంటుంది. అటువంటివాటిని ఒకటి రెండు వారాలు గది వేడిలో, చీకట్లో ఉంచితే తీపి కొంత తగ్గుతుంది. అంత ఓపిక లేనివారు వాటిని వేపుడుకు కాకుండా పులుపు, కారం దండిగా పడే కూరకు మళ్ళించడం మేలు. ఎంత తక్కువ సెగ మీద వేయించినా చక్కెర ఎక్కిన దుంప రంగు మారక మానదు, నూనె మాత్రం వృథా అవుతుంది.

గంట ఉడికినా పులుసులో ముక్క గట్టిగానే ఉంది

కోస్తా నుంచి బెంగళూరు వచ్చిన కుటుంబాలు దీనికి ఊరి ఎత్తును కారణంగా చెప్పుకుంటాయి. నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుందన్నది నిజమే, కాని ఆ తేడా వల్ల కాస్త ఆలస్యమవుతుందే తప్ప ముక్క అసలు ఉడకకపోవడం ఉండదు. అసలు దోషం చింతపండుది. దుంపలోని కణాలను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం మామూలు నీటిలో వేడికి కరుగుతుంది, పులుపు తగిలితే కరగకుండా బిగుసుకుంటుంది. రెండో దోషం నీటిది. బోరు నీరు, ట్యాంకరు నీరు వాడే అపార్ట్‌మెంట్లలో కుళాయికి తెల్లటి గార కట్టడం అందరూ చూసేదే. ఆ నీటిలోని కాల్షియం కూడా పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. పప్పు సరిగా ఉడకని ఇంట్లో దుంపా సరిగా ఉడకకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

కనుక ముక్కలను ముందుగా ఉప్పు, పసుపు వేసిన నీటిలో కత్తిమొన సులువుగా దిగేదాకా ఉడికించి, ఆ తరువాతే చింతపండు పులుసు పోయాలి. టమాటాకూ, పుల్లటి పెరుగుకూ ఇదే వరస. గార కట్టే నీరైతే, ముక్కలు మునిగేంత వరకే తాగునీరు పోస్తే సరిపోతుంది. అన్నం, పప్పు పెట్టే కుక్కరులోనే పై గిన్నెలో దుంపలను నీరు పోయకుండా పెడితే అవి ఆవిరికే ఉడుకుతాయి, గ్యాసు కూడా కలిసివస్తుంది. పులుపు అప్పటికే పడిపోయి ఉంటే ముక్కలను వేరుచేసి, మంచినీటిలో విడిగా ఉడికించి తిరిగి కలపడమే దారి.

ఈ గుణాన్నే మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. ముక్క చెదరకూడని కుర్మాకు దుంప ముప్పాతిక ఉడికాక కాస్త నిమ్మరసం పిండితే అంచులు విరగకుండా నిలుస్తాయి.

బోండా నూనెలో పగులుతోంది. మసాలా దోసె కూర జిగురుగా సాగుతోంది

దుంపను ముక్కలుగా కోసి నీటిలో ముంచి ఉడికిస్తే అది నీరు పీల్చుకుంటుంది, ఆ నీరు కాగిన నూనెలో ఆవిరై పిండి పొరను చీల్చుకుని బయటికొస్తుంది. దుంపలను తొక్కతోనే నిండుగా ఉడికించి, వేడి ఉండగానే తొక్క తీసి, పళ్ళెంలో పరచి ఆవిరి పోనిచ్చి, పూర్తిగా చల్లారాకే ఉండలు కట్టాలి. ఇప్పటికే ముద్ద జారుగా ఉంటే బాణలిలో నూనె లేకుండా నాలుగైదు నిమిషాలు తిప్పి, పొడిచేసిన అటుకులో, వేయించిన శెనగపిండో కలపాలి.

జిగురుకు కారణం మిక్సీ. బ్లేడు కణాలను చీల్చి పిండినంతా బయటికి లాగుతుంది, అది నీటితో కలిసి బంకలా తయారవుతుంది. దుంపను చేత్తోనో పప్పుగుత్తితోనో మాత్రమే మెదపాలి. ఒకసారి జిగురెక్కిన ముద్ద మళ్ళీ కూరగా మారదు కాబట్టి దాన్ని రెట్టింపు గోధుమపిండిలో వేసి, జీలకర్ర, కారం, కొత్తిమీరతో, అవసరమైతేనే నీళ్ళు చిలకరించి కలిపితే మర్నాటి డబ్బాకు మెత్తటి చపాతీలు అవుతాయి.

తొక్క ఆకుపచ్చగా మారింది, మొలకలు వచ్చాయి

ఇక్కడ పొదుపు కంటే జాగ్రత్త ముఖ్యం. బెంగళూరు ఇళ్ళలో కూరగాయలను ఎక్కువగా వంటింటిని ఆనుకుని ఉండే యుటిలిటీలో పెడతారు, అక్కడ పగలంతా వెలుతురు పడుతుంది. వెలుతురుకు దుంపలో పత్రహరితం ఏర్పడుతుంది. అది హానికరం కాకపోయినా, దానితో పాటే సొలనిన్ వంటి విషపదార్థాలూ పెరుగుతాయి. అవి ఉడికించినా, వేయించినా పోవు, వాటివల్ల వాంతులు, కడుపునొప్పి రావచ్చు, తక్కువ బరువుండే పిల్లల మీద ప్రభావం మరింత ఎక్కువ. చిన్న మచ్చ వరకే పచ్చగా ఉంటే అక్కడ లోతుగా కోసి తీసివేసి తొక్క మందంగా చెక్కాలి. దుంపంతా పచ్చబడినా, వండాక చేదు తగిలినా నిస్సంకోచంగా పారెయ్యాలి. దుంప గట్టిగా ఉండి మొలక చిన్నదైతే కన్నుతో సహా తవ్వి తీసి వాడుకోవచ్చు. మెత్తబడి ముడతలు పడి పొడుగాటి మొలకలున్నదాన్ని పాత బియ్యపు సంచిలో మట్టి నింపి నాటుకోవచ్చు గాని కూరలో వెయ్యకూడదు.

కడగకుండా, ప్లాస్టిక్ సంచిలోంచి తీసి, వెదురుబుట్టలో పోసి గోనెపట్టా కప్పి, పొయ్యికీ ఫ్రిజ్ వెనక వేడికీ దూరంగా ఉంచితే దుంపలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఉల్లిపాయల బుట్ట వేరుగా ఉండాలి, కలిపి పెడితే రెండూ త్వరగా పాడవుతాయి.

చిన్నచిన్న అనుమానాలు

దుంప మధ్యలో బోలుగా ఉంటే అది నేలలో ఒక్కసారిగా వేగంగా పెరగడం వల్ల ఏర్పడిన ఖాళీ, తినడానికి అభ్యంతరం లేదు. మధ్యభాగం నల్లగా ఉంటే గాలాడక, వేడికి మగ్గిందని అర్థం, ఆ భాగాన్ని తీసివెయ్యాలి, కుళ్ళు వాసన ఉంటే మొత్తం పారెయ్యాలి. కోసిన ముక్కలు గాలికి నల్లబడకుండా నీటిలో వేస్తే సరిపోతుంది. ఉప్పెక్కువైన కూరలో పచ్చి దుంప వేస్తే ఉప్పును లాగేస్తుందని చెబుతారు గాని, అది ఉప్పును మాత్రమే ఏరి తీసుకోలేదు, ఉప్పునీటిని పీలుస్తుంది, అంతే. ఆ కూరకు నీరో, కొబ్బరిపాలో చేర్చడమే ఉపాయం.

పిల్లలు "మళ్ళీ ఆలూనా అమ్మా?" అంటున్నారు

వారం పొడుగునా అదే ముక్క, అదే పోపు పెట్టినప్పుడు ఆ మాట రాక తప్పదు. ఆదివారం కిలోన్నర ముదురు దుంపలను ఒకేసారి ఉడికించి, సగాన్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంతో దోసె కూరగా చేస్తే, అందులో మిగిలినది సోమవారం బ్రెడ్డు మధ్య పెట్టి పెనం మీద కాల్చవచ్చు. తొక్క తీయని సగాన్ని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, ఒక పూట పెరుగుపచ్చడికి, ఇంకో పూట శెనగపిండి పలచగా కలిపి పోసిన పూరీ కూరకు వాడాలి. రెండు మూడు రోజులకు మించి ఉంచకపోవడం మంచిది. మిగిలిన ఉప్మాను మెదిపిన దుంపతో కలిపి పెనం మీద కట్‌లెట్లుగా కాలిస్తే పిల్లలు అది ఉప్మా అని ఆనవాలు పట్టరు. ఉడికిన దుంపను ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. కరిగాక నీరంతా వదిలి పీచులా మిగులుతుంది, ఆ నీటిని గట్టిగా పిండేసి చపాతీ పిండిలో కలుపుకోవడం తప్ప మరో దారి ఉండదు.